పేరడిగే క్లారీ

క్లారీ డఫీల్డ్ ఎదుట ఎవరూ ‘దేవుడి దయ’ అనకూడదు. అన్నారో, చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చి, టోపీ వెనక్కి తోసుకుని, “ఎవరి పని అది? పేరు చెప్పు” అని నిలబడేవాడు. ఒక మనిషి పేరు బయటికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. విర్రిగల్ ఊళ్లో అప్పట్లో తొమ్మిది వందల మంది ఉండేవాళ్లం. ఆయన ఎదురొస్తుంటే వీధి దాటి అవతలి పక్కకి పోవడం అందరికీ అలవాటైపోయింది. నాకు మాత్రం ఆ వీలు లేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఉన్నది కంచె ఒక్కటే.

మాంసం కొట్టు మాల్కమ్ సంగతే తీసుకోండి. కడుపులో గడ్డ కోయించుకుని, చావు తప్పి వచ్చాడు. వచ్చిన రోజే క్లారీ కంటపడ్డాడు.

“గండం గడిచింది క్లారీ. అంతా దేవుడి దయ.”

“కోసిందెవరు?”

“డాక్టరు.”

“ఆయనకి పేరు పెట్టలేదా వాళ్లమ్మ?”

“ఏదో పోలండ్ పేరు. నోరు తిరగదు.”

“నీ పొట్టలో ఆయన కత్తి తిరిగిందిగా, ఆయన పేరుకి నీ నోరెందుకు తిరగదు? సరే పోనీ. తెల్లవార్లూ పక్కన కూచుని నీ వాంతులు ఎత్తిందెవరు?”

“ఎవరో నర్సు.”

“పేరు?”

మాల్కమ్‌కి తెలియదు. తెలిసేదాకా నీ కొట్లో మాంసం కొనను పొమ్మన్నాడు క్లారీ. మూడు వారాలు బంగాళాదుంపలూ క్యాబేజీ తిని బతికాడు. చివరికి మాల్కమే విసిగిపోయి, వంద కిలోమీటర్లు బండి నడుపుకుంటూ ఆసుపత్రికి పోయి, ఆ నర్సెవరో వాకబు చేసి, రెండు కిలోల సాసేజీలు ఆవిడ చేతిలో పెట్టి వచ్చాడు. “ఏడ్చిందండీ ఆవిడ” అన్నాడు నాతో, నమ్మలేనట్టు. “ఇరవై రెండేళ్ల నౌకరీలో పేరు కనుక్కుని వచ్చినవాణ్ణి నేనేనట.”

మరోసారి పంటకోత విందులో పాదిరిగారు జ్వరం వచ్చి రాలేకపోయారు. ఎవరో తుంటరి క్లారీని భోజనానికి ముందు నాలుగు మాటలు చెప్పమన్నాడు. ఆయన లేచి నిలబడి, ఆ మాంసం వెనకున్న గొర్రెల కాపరిని, లారీ తోలినవాణ్ణి, దుంపలు తవ్వినవాళ్లని, చెక్కు తీసినవాళ్లని, పొయ్యి దగ్గర చేయి కాల్చుకున్న ఆవిడని, అందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. పదిహేడు నిమిషాలు పట్టింది. “గొర్రె పేరు మాత్రం తెలుసుకోలేకపోయాను, మన్నించాలి” అని కూర్చున్నాడు. అప్పటికి పులుసు మీద కొవ్వు పేరుకుని తెల్లగా గడ్డకట్టింది. ఆ గడ్డని కూడా దేవుడి దయ అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఊరి పాలన చూసే షైర్ ఆఫీసులో నీటి పంపుల మెకానిక్కుగా ముప్పై ఎనిమిదేళ్లు చేసి దిగిపోయిన మనిషి ఆయన. పెళ్లాం పిల్లలు లేరు. విర్రిగల్ మానవవాద సంఘానికి అధ్యక్షుడూ కార్యదర్శీ సభ్యుడూ ఆయనే. ప్రతి నెలా రెండో మంగళవారం వంటింట్లో సమావేశం. నేను ప్రేక్షకురాలిగా వెళ్లి టీ తాగేదాన్ని. ఆయన లేచి ఒక తీర్మానం ప్రతిపాదించేవాడు. కూర్చుని, “సమర్థించేవారెవరైనా ఉన్నారా?” అని చుట్టూ చూసేవాడు. లేరు. “వీగిపోయింది” అని రాసుకునేవాడు.

“నువ్వే సమర్థించుకో క్లారీ” అన్నాను ఒకసారి, చూడలేక.

“ప్రతిపాదించినవాడే సమర్థిస్తే దాన్ని నియంతృత్వం అంటారు టీచరమ్మా.”

పదకొండేళ్లలో ఆ సంఘం ఒక్క తీర్మానమూ నెగ్గలేదు. నేనేమో ఆంగ్లికన్ చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని. ఆయన నన్ను మార్చలేదు, నేను ఆయన్ని మార్చలేదు. కంచె మీంచి గుమ్మడికాయ స్కోన్ రొట్టెలు మాత్రం అటూ ఇటూ చేతులు మారాయి.

వీగిపోయిన ఆ తీర్మానం ఎప్పుడూ ఒక్కటే: మా బడిలో ఉన్న రేకుల షెడ్డు గురించి.

మాది సర్కారు బడి. బుధవారం పొద్దున అరగంట బైబిలు క్లాసు. ఊళ్లోంచి పెద్దవాళ్లు వచ్చి, ఏ చర్చి పిల్లలకి ఆ చర్చి పాఠం చెప్పేవారు. ఏ చర్చీ వద్దని తల్లిదండ్రులు చీటీ రాసిచ్చిన పిల్లలు ఆటస్థలం చివరి షెడ్డులో కూర్చోవాలి. ఆ అరగంటలో వాళ్లకి ఏమీ నేర్పకూడదని నిబంధన. లెక్కలు చెబితే, బైబిలు క్లాసులో ఉన్నవాళ్లు లెక్కల్లో వెనకబడతారట. కథ చదివినా తప్పే. మహా అయితే కాగితం ముక్కలు ఏరించవచ్చు. ఏమీ నేర్పకుండా కాపలా ఉండటానికి కూడా ఒక టీచరు కావాలి కదా. ఆ టీచర్ని నేనే.

“దేవుణ్ణి నమ్మని ఇంట్లో పుట్టినందుకు పిల్లలు చెత్త ఏరాలా?” అని క్లారీ హెడ్మాస్టరు కెల్ట్‌నర్ గారిని నిలదీశాడు. “నేనొచ్చి చెబుతాను వాళ్లకి. మనిషికి మనిషి ఎందుకు సాయపడాలో చెబుతాను.”

“అర్జీ పెట్టుకో” అన్నాడు హెడ్మాస్టరు.

పెట్టుకున్నాడు. పైనుంచి జవాబు వచ్చింది: మీది ఏ మతం? ఏ మతమూ కాదని రాశాడు. మతం కానిదాన్ని మతం గంటలో బోధించడం కుదరదు, మతం గంట కానప్పుడు బయటివారు బోధించడం అసలే కుదరదు అని మరో జవాబు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “వీళ్లు పంపుల శాఖలో ఉంటే ఊరు దాహంతో చచ్చేది” అన్నాడు క్లారీ.

ఊరు దాహంతో చచ్చే రోజులు వచ్చాయి కూడా. మూడేళ్లు వాన లేదు. పొలాల్లో నీటిగుంటలు అడుగు దాకా పగిలాయి. మేత కొనలేని రైతులు గొర్రెల్ని వాళ్ల చేతులతోనే కాల్చి, గోతులు తీసి పూడ్చారు. అటువంటప్పుడు జనం ప్రార్థించక ఏం చేస్తారు? నేనూ చేశాను.

మా చర్చి పిల్లలకి పాఠం చెప్పే మిసెస్ ప్రౌట్ మంచిదే, కాదంటే కళ్లు పోతాయి. ఎవరింట్లో జబ్బు చేసినా కొబ్బరి తురుము అద్దిన లామింగ్టన్ కేకులు మొదట ఆవిడ ఇంటినుంచే వెళ్లేవి. ఆవిడకొక ఆలోచన వచ్చింది. గోడకి పెద్ద అట్ట తగిలించింది. వారం పొడవునా రోజూ పడుకునేముందు వాన కోసం ప్రార్థించినట్టు ఇంట్లో సంతకం చేయించుకొస్తే ఒక బంగారు నక్షత్రం. వాన పడిన రోజున, ఎక్కువ నక్షత్రాలున్నవాళ్లకి బహుమతి. మొదటి నెలలో అందరూ ఎగబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. తొమ్మిదేళ్ల రేలీన్ హాస్కెట్ మాత్రం జారుకోలేదు. వాళ్ల నాన్న డెస్‌కి అప్పటికి నలభై గొర్రెలు మిగిలాయి. పదిహేడు వారాలు, పదిహేడు నక్షత్రాలు. ఆ పిల్ల తర్వాతి వాడికి ఆరు.

వాన వచ్చింది. నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసింది. శుక్రవారం సాయంత్రం డెస్ హాస్కెట్ మేత బస్తాలతో ఇంటికి వస్తూ వాగులోకి బండి దించాడు. లోతు తెలియలేదు. బండి మర్నాడు దొరికింది, మనిషి ఆదివారం దొరికాడు.

ఆదివారం చర్చిలో వానకి కృతజ్ఞతల ప్రార్థన ముందే ప్రకటించి ఉంది. ఎవరికీ మానేయాలని తోచలేదు. వరండా దాకా జనం. నేను వాయించాను. మంచి ఉత్సాహమైన పాటే వాయించాను. బయటికి వచ్చేసరికి క్లారీ రోడ్డు పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందునుంచే జనం ‘దేవుడి దయ, దేవుడి దయ’ అంటూ ఒకరికొకరు చేతులు కలుపుతూ వెళ్లారు. ఆ రోజు ఆయన ఒక్కరిని కూడా పేరు అడగలేదు.

రెండు వారాల తర్వాత రేలీన్ బడికి వచ్చింది. మిసెస్ ప్రౌట్ ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. పిల్లలందరి ముందూ పిలిచి, రంగురంగుల బొమ్మల బైబిలు చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుంటూ, “దేవుడు నీ ప్రార్థనే విన్నాడమ్మా” అంది. ఓదారుస్తున్నాననే అనుకుంది. ఆ పిల్ల పుస్తకాన్ని తిరిగి బల్ల మీద పెట్టి, తలుపు తీసుకుని, ఆటస్థలం దాటి వచ్చి రేకుల షెడ్డులో నా పక్కన కూర్చుంది. మర్నాడు తల్లి చీటీ రాసి పంపింది: మా అమ్మాయికి ఏ చర్చీ వద్దు.

ఆ తర్వాతి బుధవారం షెడ్డులో తాగునీటి కుళాయి చెడిపోయింది. క్లారీ పనిముట్ల సంచీతో వచ్చి బాగుచేశాడు. పై బుధవారం మళ్లీ చెడింది, మళ్లీ వచ్చాడు. అంత రోగిష్టి కుళాయి రాష్ట్రంలో మరోటి లేదు. మంగళవారం చీకటి పడ్డాక బడి కంచె దూకి వాషరు పీకేది ఎవరో నాకు తెలుసు, హెడ్మాస్టరుకీ తెలుసు.

“క్లారీ, పాఠాలు మాత్రం చెప్పకు” అన్నాడు హెడ్మాస్టరు.

“కుళాయికి పాఠాలేమిటండీ? పక్కన పిల్ల కూచుని చూస్తే నేనేం చేసేది?”

పిల్ల చూసేది కాదు. అయిదు వారాలు గోడకేసి చూస్తూ కూర్చుంది. పలకరిస్తే పలికేది కాదు. చిక్కి సగమైంది. రాత్రుళ్లు నిద్రపోవడం లేదనీ, పక్క మీద నిటారుగా కూచుని ఉంటోందనీ తల్లి నాతో చెప్పింది.

ఆరో బుధవారం హెడ్మాస్టరు అటుగా పోతూ, కంచె అవతల నేలంతా కమ్ముకున్న గడ్డి చూసి ఉత్సాహం ఆపుకోలేక, “ఎంత పచ్చదనమో చూశావా క్లారీ! దేవుడి దయ కాక మరేమిటిది?” అనేశాడు.

క్లారీ తల కుళాయి కింద ఉంది. అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది. “ఎవరి పని అది? పేరు చెప్పు.”

హెడ్మాస్టరు చెయ్యి విదిలించి వెళ్లిపోయాడు.

“నాది” అంది రేలీన్.

క్లారీ తల బయటికి తీశాడు. “ఏది నీదమ్మా?”

“వాన. నేనే తెప్పించాను.” ఆ పిల్ల మమ్మల్ని చూడటం లేదు. “పడమని అడిగాను. ఎంత పడాలో చెప్పలేదు. ఎప్పుడు ఆగాలో చెప్పలేదు. చెప్పాలని నాకు తోచలేదు.”

నా చేతిలో హాజరు పుస్తకం ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాను. పదిహేడు వారాల సంతకాల్లో చాలావరకు డెస్ పెట్టినవే.

క్లారీ స్పానరు కింద పెట్టాడు. నిబంధన సంగతి మరిచిపోయి పాఠం మొదలుపెట్టాడు. వాయవ్యం నుంచి అల్పపీడనం ఎలా వస్తుందో, మేఘం ఎలా బరువెక్కుతుందో నేలమీద గీసి చూపించాడు. “పక్క ఊరు గొండూలో ఒక్క పిల్లా ప్రార్థన చేయలేదు. అక్కడ మనకంటే రెండంగుళాలు ఎక్కువ పడింది. దానికేమంటావు?”

“గొండూలో మా అత్తయ్య ఉంది. వాళ్ల కోసం కూడా అడిగాను.”

“అడిగితే వచ్చేది కాదమ్మా వాన. నేను చిన్నప్పుడు సైకిలు అడిగాను, రాలేదు.”

“మీకు నక్షత్రాలు ఎన్ని?”

ముప్పై ఏళ్లుగా ఊరందరి నోళ్లూ మూయించిన మనిషి నేలమీద గీసిన మేఘాన్ని అరచేత్తో చెరిపేశాడు. కాసేపు చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకున్నాడు.

“రేలీన్, నీతో ఒక సంగతి చెప్పాలి. చెబితే నీకు నా మీద కోపం వస్తుంది. వాగు దాటే చోట లోతు చూపించే తెల్లగుంజ ఉండేది, గుర్తుందా?”

“విరిగిపోయింది. నాన్న చెప్పాడు.”

“దాన్ని మళ్లీ పాతడం నా పని. పాతలేదు. ఎండిన వాగుకి గుంజెందుకులే అని బద్ధకించాను. గుంజ ఉంటే మీ నాన్న అంకె చూసేవాడు, బండి వెనక్కి తిప్పేవాడు. వాన ఎవరు కురిపించినా సరే, ఎంత కురిపించినా సరే, ఇంటికి వచ్చేవాడు. ఆ పని ఎగ్గొట్టినవాడి పేరు క్లారెన్స్ డఫీల్డ్.”

ఆ పిల్ల చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఆరు వారాల్లో ఒక మనిషి మొహం చూడటం అదే మొదలు. తర్వాత లేచి, కాలు వెనక్కి తీసి, ఆయన మోకాటి చిప్ప మీద బడి బూటుతో ఒక్క తన్ను తన్నింది. గంట కొట్టారు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, “కొత్తది పెట్టు!” అని అరిచి పరుగెత్తింది.

“అబద్ధం” అన్నాను నేను. “నువ్వు నీళ్ల శాఖవాడివి. రోడ్ల గుంజలతో నీకేం పని? పైగా దిగిపోయి ఆరేళ్లయింది. ఆ గుంజ గురించి షైర్ ఆఫీసుకి మూడుసార్లు పోయి నోరు చేసుకున్న మనిషి ఊరు మొత్తంలో నువ్వొక్కడివే.”

“మెల్లగా టీచరమ్మా.” మోకాలు పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. “ముందు నిజమే చెప్పానుగా. విన్నావుగా నువ్వు కూడా. తొమ్మిదేళ్ల పిల్లకి మేఘం మీద కోపం తెచ్చుకోవడం చేతకాదు. దేవుడి మీద తెచ్చుకుందామంటే మీరు తెచ్చుకోనివ్వరు. షైర్ ఆఫీసు మీద తెచ్చుకుందామంటే దానికి మొహం లేదు. ఇక మిగిలింది తనే. ఊళ్లో పనీపాటా లేకుండా ఖాళీగా ఉన్నవాణ్ణి నేను కనబడ్డాను.”

“ఇన్నేళ్లూ నిజమైన పేరు చెప్పమని జనాన్ని చంపుకుతిన్నావు.”

“మెప్పు దగ్గర కాస్త పేరు తప్పినా ఫరవాలేదు టీచరమ్మా. నింద తప్పుడు పేరు మీద పడి ఒక పిల్ల నలిగిపోకూడదు. అబ్బ, ఏం తన్ను తన్నింది! సత్తువ ఉంది ఇంకా.”

హాజరు పుస్తకంలో ఆ అరగంటకి ఎదురుగా ‘ఏమీ బోధించలేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు షెడ్డులో అబద్ధమాడింది ఆయనొక్కడే కాదు.

పై బుధవారం క్లారీ ప్యాంటు లోపల క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని, కొయ్యకాళ్లవాడిలా నడుచుకుంటూ వచ్చాడు. తన్నులు మూడు వారాలు సాగాయి. ఊళ్లో అది పాకి, గుంజ క్లారీ పెట్టలేదట అని మాల్కమ్ కొట్లో గుసగుసలు బయలుదేరాయి. ఒకరిద్దరు ఆయన పలకరింపుకి బదులివ్వడం మానేశారు. షైర్ ఆఫీసువాళ్లు మాత్రం ఆ కబురు విని ఎంతో నెమ్మదిగా, మర్యాదగా ఊరుకున్నారు. నేను రేలీన్ తల్లి దగ్గరికి పోయి అసలు సంగతి చెప్పబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఆయన ఏ శాఖో నాకు తెలుసు మిస్. ఆ బుధవారం రాత్రి నుంచి అది నిద్రపోతోంది. పెద్దయ్యాక నేనే చెబుతాను. ఇప్పుడు మాత్రం చెప్పకండి.”

ఒక శనివారం ముగ్గురం వాగుకి వెళ్లాం. గుంజ క్లారీ చెక్కాడు. తెల్లరంగు వేసి అంకెలు రాసింది రేలీన్. మూడు అంకె రెండుసార్లు చెరిపించి రాసుకుంది. నీరు తగ్గి నెమ్మదిగా పారుతోంది. గుంజ పాతి, మట్టి కూరి, క్లారీ నడుము పట్టుకుని నిలబడ్డాడు.

“అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో దిగి చూడు” అంది పిల్ల ఒడ్డునుంచి.

దిగాడు. గుంజ దగ్గర మోకాటి లోతు. అంకె సరిపోయింది.

“ఇంకా లోపలికి.”

గుంజ దాటి అడుగు వేశాడు. నడుం లోతు.

“ఇంకా.”

నేను ఫ్లాస్కు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ముప్పై ఎనిమిదేళ్లు నీళ్ల శాఖలో చేసిన ఆ మహానుభావుడికి ఈత రాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. అయినా మరో అడుగు వేశాడు. కాలికింద ఇసక జారింది. నీళ్లు ఒక్కసారిగా చంకల దాకా వచ్చాయి. టోపీ కొట్టుకుపోయింది.

“వద్దు! వచ్చెయ్! వచ్చెయ్, వచ్చెయ్!”

ఆ కేక వాగు అవతలి గట్టున కాకటూ చిలకల్ని లేపింది. రేలీన్ మోకాళ్ల దాకా నీళ్లలోకి పరుగెత్తి, తూలుతూ వెనక్కి వస్తున్న ఆయన చొక్కా చెయ్యి దొరకబుచ్చుకుని, రెండు చేతులా ఒడ్డుకి లాగింది. ఆయన గట్టున కూలబడ్డాక మొదలుపెట్టింది.

“లోతెంతో తెలియకుండా ఎవరైనా దిగుతారా? చెప్పు! ఎవరైనా దిగుతారా?”

“దిగకూడదమ్మా.”

“నేను దిగమంటే మాత్రం దిగడమేనా? బుద్ధుండక్కర్లేదా నీకు? ఇంటి దగ్గర మనకోసం చూస్తూ ఉంటారని గుర్తుండదా?”

“మా ఇంటి దగ్గర చూడటానికి ఎవరూ లేరమ్మా.”

ఆ పిల్ల చుట్టూ చూసి, నా వైపు వేలు చూపించింది. “మిస్ చూస్తుంది!” తన ఉన్ని కోటు విప్పి ఆయన తలమీద పడేసి, జుట్టు ఊడొచ్చేలా తుడవసాగింది. తుడుస్తూ తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. ఏడుస్తూనే, కోటు చేతుల మధ్యనుంచి బయటికి పొడుచుకొచ్చిన ఆయన ముక్కు చూసి నవ్వేసింది.

ఆ కోటు కిందనుంచి, పళ్లు టకటక కొట్టుకుంటుంటే, గొంతు వచ్చింది. “నిజమేనా టీచరమ్మా? చూస్తావా?”

“ముందు టీ తాగు” అన్నాను.